రాత్రి ఉండే డాక్టరమ్మ కావాలి

నెల్లూరులో ఉద్యోగం చేసే పల్లెటూరి వాళ్లందరికీ ఏడాదికి రెండు మూడు సార్లయినా ఈ ఫోను వస్తుంది. నాకు మొన్న మళ్లీ వచ్చింది. సముద్రం ఒడ్డున ఉండే మా బంధువుల కుర్రాడు. వేటకు పోతాడు.

“అన్నా, మా ఆడమనిషికి ఎనిమిదో నెల పడింది. దగ్గర్లో మంచి లేడీ డాక్టరు ఎవరన్నా ఉండారా?”

నేను ఠక్కున పొగతోటలో ఇద్దరు డాక్టరమ్మల పేర్లు చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా “దగ్గర్లో అన్నాను కదన్నా” అన్నాడు.

నిజమే. వాడు అడిగింది దగ్గర్లో. నేను చెప్పింది నెల్లూరు. పాతికేళ్లు టౌనులో ఉంటే మనకు కూడా దగ్గరంటే పొగతోటే అయిపోతుంది కాబోలు.

జిల్లాలో కాన్పుల డాక్టర్లు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొగతోటలో సందుకో బోర్డు ఉంది. దర్గామిట్టలో పెద్దాసుపత్రి ఉంది, 2014 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ ఉంది. అంతకుముందు నుంచే ప్రైవేటు మెడికల్ కాలేజీ ఉంది. కానీ ఒకసారి మ్యాపు తీసి చూడండి. కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట.. అన్నీ హైవే మీది ఊళ్లే. డాక్టర్లంతా హైవేను పట్టుకుని ఉన్నారు. ఇస్కపల్లి, జువ్వలదిన్నె, మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వాళ్లు హైవే చేరాలంటే ఉప్పుటేర్లు, బకింగ్‌హాం కాలువ, రొయ్యల గుంటల గట్లు దాటుకుని రావాలి. పగలైతే ఆటో దొరుకుతుంది. నొప్పులు పగలే రావాలని రూలేమీ లేదు కదా!

శ్రీహరికోట నుంచి 2008లోనే చంద్రుడి దగ్గరికి చంద్రయాన్‌ను పంపారు. గర్వపడ్డాం, చప్పట్లు కొట్టాం. ఆ పక్కనే పులికాట్‌లో ఇరకం దీవి ఉంది. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా కాన్పుకు పడవెక్కి భీమునివారిపాళెం రేవుకు వచ్చినవాళ్లే. ఏలినవారికి పైకి చూడటం వచ్చు, పక్కకు చూడటం రాదు.

తుపాను హెచ్చరిక వస్తే మాత్రం చూడండి, యంత్రాంగం ఎంత చురుగ్గా కదులుతుందో! నెలలు నిండిన గర్భిణులను గుర్తించి ముందే ఆసుపత్రులకు తరలించాలని కలెక్టర్లు ఆదేశాలిస్తారు. మంచి పనే, కాదనను. కానీ దాని అర్థమేమిటి? ఆ ఊళ్లలో కాన్పు కష్టమైతే చూసే దిక్కు లేదని సర్కారుకు తెలుసు. తుపాను లేని మూడువందల రోజులూ తెలిసే ఊరుకుంటుంది.

“ఒక లేడీ డాక్టరును వేయించండి సార్” అని మనం వినతిపత్రం ఇస్తాం. ఎమ్మెల్యే గారు సరేనంటారు. అక్కడే మనం మోసపోతున్నాం. ఒక్క డాక్టరమ్మతో కాన్పుల ఆసుపత్రి నడవదు. సిజేరియన్ చేయాలంటే మత్తు డాక్టరు కావాలి. పుట్టిన బిడ్డ ఏడవకపోతే చూసేవాళ్లు కావాలి. రక్తం నిల్వ ఉండాలి. ఫస్ట్ రెఫరల్ యూనిట్ అని కాగితాల మీద రాసుకునే దానికి కేంద్రం పెట్టిన నిబంధనలే ఇవి: 24 గంటలూ కాన్పు ఆపరేషను, పసిబిడ్డ సంరక్షణ, రక్తం. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆ రెండు గంటల్లో ఏం దొరుకుతుందో అదే మన లోకల్ ఆసుపత్రి. మిగతాదంతా బోర్డు.

డాక్టరమ్మ వైపు నుంచీ మాట్లాడాలి. వారానికి ఏడు రాత్రులుంటాయి. పోస్టు ఒక్కటే. క్వార్టర్సు ఉంటే నీళ్లు రావు, నీళ్లుంటే తలుపుకు గడియ ఉండదు. ఆమెకూ పిల్లలు, బడి, ఇల్లు ఉంటాయి. మత్తు డాక్టరు లేకుండా ఆపరేషను చేసి ఏదైనా జరిగితే జనం ఆమె మీదే పడతారు. సాయంత్రం బస్సెక్కి టౌనుకు పోకుండా ఎట్టా ఉంటుంది? ఆమెను తిట్టడం తేలిక. ఒక ఆసుపత్రికి ముగ్గురిని వేసి వంతులు పెట్టమని అడగడం కష్టం. మనం తేలికైనదే చేస్తున్నాం.

ఇక తీరం దక్షిణపు కొసకు పోదాం. తడ వాళ్లకు నెల్లూరు కంటే చెన్నై దగ్గర. 2022 ఏప్రిల్‌లో వాళ్లను తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ కష్టమొస్తే పోయే దారి మారలేదు. ఎగ్మోరు కాన్పుల ఆసుపత్రి 1844 నుంచి ఉంది. ట్రిప్లికేన్‌లో మనవాళ్లు ఇప్పటికీ గోషాసుపత్రి అనే ఆసుపత్రి 1885లో మొదలైంది. నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు అవి పరాయి ఆసుపత్రులు కావు, మన రాజధాని ఆసుపత్రులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు అవతల ఉండిపోయింది. ఎగ్మోరుకు బదులు మన తీరంలో ఏం కట్టాలని ఆనాటి పెద్దలు అనుకున్నారో ఎవరూ చెప్పలేదు. అరవై ఏళ్లు గడిచాక గానీ నెల్లూరుకు సర్కారు మెడికల్ కాలేజీ రాలేదు.

చదువులకు మన జిల్లాను సీమ జిల్లాలతో కలిపి ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో పెట్టారు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాలకు ప్రకాశం, గుంటూరుతో కలిపి మూడో జోన్ అన్నాయి. చదువుకు సీమతో, కొలువుకు గుంటూరుతో, కాన్పుకు చెన్నైతో! నెల్లూరు తీరం ఎవరిదో తేల్చుకోలేకపోయారు.

అవతలి రాష్ట్రం వాళ్లు ఒక పని తెలివిగా చేశారు. సర్కారు కొలువులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో సగం ఇస్తూ వచ్చారు. ఊరి ఆసుపత్రిలో పనిచేసిన ఎంబీబీఎస్ డాక్టరు పోయి గైనకాలజీ చదివి మళ్లీ సర్కారుకే వస్తాడు. మెడికల్ కౌన్సిల్ నిబంధనలు అడ్డొస్తే సుప్రీంకోర్టు దాకా పోయారు. రాష్ట్రాలు అలా కోటా ఇచ్చుకోవచ్చని 2020 ఆగస్టు 31న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన దగ్గర? 2024లో ఆ కోటాను కుదించారు. పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగాల్సి వచ్చింది. ఊళ్లో పనిచేసేవాడికి పై చదువు దారి మూస్తే ఊళ్లోకి గైనకాలజిస్టు ఎక్కడి నుంచి ఊడిపడతాడు?

ఇక్కడ మనవాళ్లకు కొంచెం చేదుగా ఉండే మాట చెప్పాలి. రాష్ట్రం వస్తే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని సభల్లో చెప్పుకుంటాం. తెలంగాణ 2014లో వచ్చింది. 2017లో కేసీఆర్ కిట్ పెట్టాక సర్కారు ఆసుపత్రుల్లో కాన్పులు పెరిగాయి, ఆ మాట దాచకూడదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు ఎక్కువ ఉన్న రాష్ట్రం అదే, నూటికి అరవై పైన. రాష్ట్రం రావడం వేరు, రాత్రిపూట ఆసుపత్రిలో మనిషి ఉండటం వేరు. మన ఉద్యోగ సంఘాల్లో లోకల్, నాన్‌లోకల్ లెక్కలు గంటలకొద్దీ నడుస్తాయి. నేనూ ఆ లెక్కలు కట్టినవాడినే. డాక్టరమ్మ ఏ జిల్లాలో పుట్టిందో మనకు తెలుసు. ఆమె ఏ ఊళ్లో నిద్రపోతుందో ఏనాడైనా అడిగామా? కర్నూలులో పుట్టి అల్లూరులో రాత్రి ఉండే డాక్టరు నాకు లోకల్. అల్లూరులో పుట్టి పొగతోటలో ఉండేవాళ్లు కాదు.

మన రాష్ట్రం సంగతీ గొప్పగా ఏమీ లేదు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు కాన్పుల్లో నూటికి 63 సిజేరియన్లే. సర్కారు ఆసుపత్రుల్లో 27 లోపు. కోత పెట్టిన ప్రతి డాక్టరూ డబ్బు కోసమే పెట్టారని నేను అనను. కష్టమైన కేసులు ఎటు పోతాయో మనకు తెలుసు. కానీ ఒక్క డాక్టరమ్మ ఉన్న నర్సింగుహోములో పద్నాలుగు గంటల నొప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారు? సాయంత్రం ఆరుకు కోస్తే ఇంటికి పోవచ్చు. అట్లాంటి చోటికి కొన్ని పల్లెల్లో ఆర్‌ఎంపీలే తీసుకుపోయి దింపి, తమ వంతు పుచ్చుకుంటారు. అందరినీ అనడం లేదు. ఇదే తీరంలోని అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరు ప్రజావైద్యశాలలో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపారు. ఏ కేసు తమవల్ల కాదో వాళ్లకు నేర్పారు. ఆ తరం వేరు.

మా కుర్రాడికి మళ్లీ ఫోను చేసి ఈసారి పేర్లు చెప్పలేదు, అడగాల్సినవి చెప్పాను. డాక్టరమ్మ మంచిదా అని అడగొద్దు, అందరూ మంచిదే అంటారు. అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరుంటారు, మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తాడు, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు, ఆమె సెలవులో ఉంటే ఎవరు చూస్తారు.. ఇవి అడుగు. ప్రైవేటయితే రేట్ల బోర్డు పెట్టాలని 2002 చట్టంలోనే ఉంది, ఏదీ అని అడుగు. 2016 నుంచి ప్రతి నెలా తొమ్మిదో తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలుంటాయి, ఆ రోజు తప్పనివ్వొద్దు. రక్తం శాతం, బీపీ కార్డులో రాయించు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే.

“కార్డు అత్తగారి ఊళ్లో ఉందన్నా, కాన్పు పుట్టింట్లో కదా” అన్నాడు. ఇదొక తంటా. ఏడు నెలలు ఒక ఊరి నర్సమ్మ చూస్తుంది, శ్రీమంతం కాగానే పిల్ల పుట్టింటికి పోతుంది. అక్కడి ఏఎన్‌ఎంకు ఈమె ఎవరో తెలియదు. కొత్త డాక్టరు పాత స్కానింగు పనికిరాదంటుంది. కార్డు, రిపోర్టులు అన్నీ సంచిలో పెట్టి పిల్లతోనే పంపమన్నాను.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు ఒక పని. పోస్టర్లు వేసే రాత్రి ఒక గంట మిగిల్చుకుని మీ మండలం ఆసుపత్రికి పది గంటలకు పోండి. గొడవ చేయొద్దు. డ్యూటీలో ఎవరున్నారు, మత్తు డాక్టరు ఉన్నాడా, రక్తం ఉందా అని అడిగి తేదీతో రాసుకోండి. నెల రోజులు రాస్తే కలెక్టరు ముందు పెట్టడానికి మనకు ఒక కాగితం ఉంటుంది. ఇప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఆవేశమే.

కుర్రాడు నిన్న మళ్లీ ఫోను చేశాడు. నెల్లూరులో ఆసుపత్రికి దగ్గరగా నెలకు ఒక గది అద్దెకు తీసుకున్నారట. భార్య, అత్త అక్కడే ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి తనూ తోడుంటాడట. అడ్వాన్సుకు వల తాకట్టు పెట్టాడు.