శుభం కార్డు పడ్డాక...

‘బొబ్బిలి యుద్ధం’ (1964) చూశారుగా? తాండ్ర పాపారాయుడంటే మనకి ఎస్.వి. రంగారావే! 1986లో కృష్ణంరాజు కూడా ఆ పాత్రలో గర్జించారు. పాపారాయుడు విజయరామరాజు మీద పగ తీర్చుకున్నాడు, శుభం కార్డు పడింది, మనం సైకిల్ స్టాండు వైపు పరుగెత్తాం.

కానీ అసలు క్లైమాక్సు ఆ తర్వాతే ఉంది. అది మన విశాఖపట్నంలో మొదలై బందరు కోటలో ముగిసింది!

బొబ్బిలి కోట కూలింది 1757 జనవరిలో. విజయరామరాజు పోయాక విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకీ, ఫ్రెంచి బుస్సీకీ పొసగలేదు. ఆ జూన్‌లోనే బుస్సీ విశాఖలోని ఇంగ్లీషువాళ్ళ కోట పట్టుకున్నాడు. మరుసటేడు ఆనందరాజు దాన్ని ఫ్రెంచివాళ్ళ దగ్గర లాక్కుని, ఇంగ్లీషువాళ్ళకి ‘రండి’ అని కబురు పెట్టాడు. బెంగాలు నుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు విశాఖ తీరాన దిగాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించి బందరు దారి పట్టాడు.

1750 నుంచి బందరు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. కోట చుట్టూ బురద. ముట్టడించిన వాళ్ళకంటే లోపలున్న వాళ్ళే ఎక్కువ. పైగా జీతాలందక ఫోర్డు సైనికులు ఎదురు తిరిగారు. డబ్బిస్తానన్న ఆనందరాజు నాన్చుతున్నాడు. అవతల ఫ్రెంచివాళ్ళకి సాయంగా సలాబత్ జంగు సైన్యంతో వస్తున్నాడు. ఏ డైరెక్టరుకి కావాలండీ ఇంతకంటే సస్పెన్సు?

1759 ఏప్రిల్ 7 రాత్రి. ఒక పక్క కొందరు తుపాకులు పేల్చి గోల చేస్తుంటే, అసలు దళం బురదలో పడి నడిచి మరో పక్క గోడెక్కింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్ళది! మే నెలలో సలాబత్ జంగు బందరునీ, చుట్టుపక్కల సీమనీ వాళ్ళకి రాసిచ్చాడు. పగలు మనవాళ్ళవి, పెత్తనం కంపెనీది. అదీ కథ.

తర్వాత 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరులో సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. సైన్యమూ వెళ్ళిపోయింది. నేడు శిథిలాలు మాత్రం కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి.

మరి మన విశాఖ కోటో? పాత ఊళ్ళో కోటవీధి అన్న పేరే మిగిలింది. అందుకే చెబుతున్నా. బందరు వెళ్ళినప్పుడు ఆ కోట చూసి రండి. ఫొటో దిగండి, కాదనను. గోడ మీద మీ పేరూ, మీ హీరో పేరూ మాత్రం గీకకండి బాబూ! గోడ పోతే మనకి ఇంకో కోటవీధే మిగిలేది.