తీగ లాగితే

వీఆర్ హెడ్‌సెట్ కొందామనుకునేవాళ్ళని రివ్యూలన్నీ ఒకే వైపుకి తోస్తున్నాయి: వైర్‌లెస్ కొనండి, వైరు పాతకాలం. ‘స్వేచ్ఛ’ అన్న మాట ఈ రివ్యూల్లో దొర్లినంతగా విప్లవ కవిత్వంలో కూడా దొర్లదు. నా పేచీ ఆ మాటతోనే. పీసీ గేముల కోసం హెడ్‌సెట్ కొనేవాడికి వైర్‌లెస్ అంటే తీగ లేకపోవడం కాదు, తీగ కనపడకపోవడం. దాని రెండో కొస ఎవరి చేతిలో ఉందో అడక్కుండా డబ్బులు పెట్టడం తెలివైన పని కాదు.

ముందు లెక్క చూద్దాం. మెటా వారి క్వెస్ట్ 2లో రెండు కళ్ళకీ కలిపి 3664 × 1920 పిక్సెళ్ళు. సెకనుకి 90 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపాలంటే సెకనుకి 15 గిగాబిట్లు కావాలి. పీసీ నుంచి వైఫై మీద బొమ్మని పంపే ఎయిర్ లింక్‌లో వెళ్ళేది మహా అయితే 200 మెగాబిట్లు. అంటే బొమ్మని దాదాపు 75వ వంతుకి పిండి, గాల్లోకి విసిరి, అటువైపు మళ్ళీ విప్పుతున్నారన్నమాట. ఒక్కో ఫ్రేముకి ఉన్న గడువే 11 మిల్లీసెకన్లు. ఈ పిండటం, విప్పటం దాని మీద అదనం. తల తిప్పాక బొమ్మ ఆలస్యంగా తిరిగితే కడుపులో తిప్పుతుంది. డిస్‌ప్లేపోర్ట్ వైరుతో నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి తగిలించే వాల్వ్ ఇండెక్స్ లాంటివాటికి ఈ అవస్థ లేదు. క్వెస్ట్‌కి యూఎస్‌బీ వైరు పెట్టినా వెళ్ళేది కుదించిన వీడియోనే. కాబట్టి వైరుందా అని అడిగితే సరిపోదు, ఏ వైరో కూడా అడగాలి.

‘మంచి రౌటర్ ఉంటే చాలు’ అంటారు. ఆ రౌటర్‌ని పీసీకి ఈథర్నెట్ వైరుతో కలపమని కంపెనీయే చెబుతుంది. వైర్‌లెస్‌కి మొదటి షరతే వైరు! పైగా మేడిపల్లిలో గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్లలో ఫోన్ తెరిస్తే పక్కింటివి, పైయింటివి కలిపి బోలెడు వైఫై పేర్లు కనిపిస్తాయి. ఎక్కువమంది ఆ 5 గిగాహెర్ట్జ్ సందులోనే తోసుకుంటారు. పక్కనున్న 6 గిగాహెర్ట్జ్ బాటని అమెరికా 2020 ఏప్రిల్‌లోనే వైఫైకి తెరిచింది. మన దేశంలో అందులో ఒక ముక్కని వదలడానికి ముసాయిదా నియమాలు వచ్చిందే 2025 మేలో. కాలిఫోర్నియాలో విడి ఇంట్లో కూర్చుని రాసిన రివ్యూ ఇక్కడి అద్దె డబుల్ బెడ్‌రూంకి ఎలా వర్తిస్తుంది?

ఇంకాస్త లాగుదాం. 2025 ఆగస్టులో ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్ళు కోసుకుంటూ పోయారు. నగరంలో చాలా ఇళ్ళకి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇంట్లో అంతా వైఫై అని మురిసినవాళ్ళకి, దాని వెనక స్తంభం మీద ఎంత చిక్కుముడి ఉందో అప్పుడు తెలిసింది. హెడ్‌సెట్‌కీ అలాంటి బయటి తీగ ఒకటుంది, అకౌంటు. 2020లో వచ్చిన కొత్తలో క్వెస్ట్ 2 వాడాలంటే ఫేస్‌బుక్ అకౌంటు ఉండి తీరాలి. జనం గోల పెట్టాక 2022లో ఆ షరతు తీసి మెటా అకౌంటు పెట్టారు. పేరు మారింది, ముడి అలాగే ఉంది.

అవతలివాళ్ళు ఇక్కడ గట్టి ప్రశ్నే వేయొచ్చు. వైరున్నవాటికి మాత్రం గ్యారంటీ ఏముంది? హెచ్‌పీ రివర్బ్ జీ2 వైరుదే కదా? నిజమే. దానికి ఆధారమైన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీకి మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో మంగళం పాడింది. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో దాన్ని పూర్తిగా పీకేసింది. నిక్షేపంలాంటి హెడ్‌సెట్లు పేపర్‌వెయిట్లయ్యాయి. కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. 2025లో ఒక ఇంజనీరు డ్రైవర్ రాసి ఉచితంగా ఇచ్చాడు. ఎన్విడియా కార్డున్న పీసీల్లో అవి మళ్ళీ వెలిగాయి. తీగ రెండో కొస మన పీసీలో ఉంది కాబట్టే అది కుదిరింది. కంప్యూటర్‌ని తనలోనే పెట్టుకున్న హెడ్‌సెట్‌లో ఆ కొస కంపెనీ తాళం వెనక ఉంటుంది.

వైరు కాళ్ళకి చుట్టుకుంటుంది, కాదనను. సీలింగ్‌కి నాలుగు కొక్కేలు కొడితే తీరే బాధ అది. ఓనరు మేకు కొట్టనివ్వకపోతే ఫ్లైట్ సిమ్యులేటర్లు, కార్ రేసులు కుర్చీలో కూర్చునే ఆడుకోవచ్చు. బీట్ సేబర్ లాంటి గెంతులాటలే కావాలంటే వాటికి పీసీయే అక్కర్లేదు, నిక్షేపంగా వైర్‌లెస్సే కొనుక్కోండి. పీసీ కోసమే కొనేవాళ్ళు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. బొమ్మ కుదించకుండా వస్తుందా? అకౌంటు లేకుండా పనిచేస్తుందా? కంపెనీ చేతులెత్తేస్తే ఇంకెవరైనా బాగుచేయగలరా?

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. అసలు తీగే కనపడనప్పుడు దేన్ని పట్టుకుని లాగుతాం?