పేరు తేలకముందే పిచికారీనా?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. పురుగు ఏదైతేనేం, మందు పడితే చస్తుందని. చదువుకున్నవాళ్ల నోట ఇదే నమ్మకం ఇంకో రూపంలో వినిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పురుగు మీసాల కణుపులూ ఒంటిమీది వెంట్రుకలూ లెక్కపెట్టి ప్రజాతులుగా విడదీయడం మ్యూజియాల్లో మిగిలిపోయిన పాత చదువని వీరంటారు. డీఎన్ఏ పరీక్ష ఉంది, ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఉంది, ఇంకా ఆ చదువుకు డబ్బూ మనుషులూ ఎందుకని అడుగుతారు. ఈ రెండు మాటలూ తప్పు. మిరప, పత్తి నమ్ముకుని బతికే నేలకు ఈ తప్పు చాలా ఖరీదైనది.

2021-22 పంటకాలాన్ని ఈ ప్రాంతపు మిరప రైతు ఎవరూ మరిచిపోలేదు. పూత దశలో తోటలమీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. ఒక్కో పువ్వులో గుంపులుగా చేరింది. పూత రాలిపోయింది, పిందె నిలవలేదు. రైతులు రెండుమూడు మందులు కలిపి మళ్లీ మళ్లీ కొట్టారు. చివరికి చాలామంది తోటలే పీకేశారు. ఆ పురుగు శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. 1922లో కార్నీ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. మన దేశంలో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద అది దొరికిందని 2015లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. గుంటూరు మిరప పూతను అది ఊడ్చేయడానికి ఆరేళ్ల ముందే దాని పేరు, దాని గుర్తులు మన చేతిలో ఉన్నాయన్నమాట.

అంతకుముందు మిరపలో తామర పురుగంటే మనకు తెలిసింది స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్. దాన్ని 1919లో హుడ్ కోయంబత్తూరు నమూనాల నుంచే వర్ణించాడు. పాతదీ కొత్తదీ రెండూ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ప్రాణులే, కానీ ప్రజాతులు వేరు. పాతది లేత పసుపు రంగులో ఉంటుంది. మీసానికి 8 కణుపులు, పొట్ట పక్కల వరసలు తీరిన సన్నని నూగు దాని గుర్తులు. కొత్తదాని ఆడపురుగు ముదురు గోధుమ రంగు. మీసానికి 7 కణుపులు, ముదురు రెక్కకు మొదట్లో మాత్రం లేత రంగు. పాతది లేత ఆకులను గీకి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. కొత్తది పూలను పట్టుకుంటుంది. రేకుల మధ్య దాగిన పురుగుకు పైపైన కొట్టిన మందు సరిగా తగలదు. మట్టిలో కోశస్థ దశలో ఉన్నదానికి అసలే తగలదు. దాన్ని తినే మిత్ర కీటకాలు మాత్రం ముందుగా చస్తాయి. మందు కొట్టినకొద్దీ పురుగు పెరిగిందని రైతు అనుకున్నది భ్రమ కాదు.

వర్గీకరణ రైతుకు పరాయి విద్య అనేవాళ్లు ఒకసారి మిరప చేలో నిలబడి వినాలి. పైముడత వేరు, కింది ముడత వేరు అని ఇక్కడి రైతు ఎప్పటినుంచో విడదీస్తున్నాడు. పైముడత తామర పురుగు పని. కింది ముడత తెల్ల నల్లి పని. తామర పురుగుకు ఆరు కాళ్లు. ఎదిగిన నల్లికి ఎనిమిది, ఎందుకంటే అది కీటకమే కాదు, సాలీడు కుటుంబానికి దగ్గరది. కీటకాలకు పనిచేసే చాలా మందులకు నల్లి లొంగదు. కాళ్లు లెక్కపెట్టడం శరీర నిర్మాణ శాస్త్రంలో మొదటి పాఠం. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంతో ఆ పాఠం చేలోనే చదవొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. తామర పురుగులన్నీ శత్రువులు కావు. స్కోలోథ్రిప్స్ అనే ప్రజాతి నల్లులను తిని బతుకుతుంది. రెక్కలమీది నల్లమచ్చలూ ఒంటిమీది పొడవాటి వెంట్రుకలూ దాని ఆనవాళ్లు. ఆ ఆనవాళ్లు తెలియకపోతే కాపలాదారుకే విషం పెడతాం.

పేరు తప్పితే ఏం జరుగుతుందో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనుభవం చెబుతుంది. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులును వ్యాప్తి చేసేవి ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ, స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్ అని మొదట్లో నివేదికలు వచ్చాయి. తామర పురుగుల వర్గీకరణ తెలిసినవాళ్లు మళ్లీ చూశాక, అసలు వాహకం థ్రిప్స్ పామి అని 1990లో తేలింది. ఫ్రాంక్లినియెల్లాలోని లేత రంగు రూపమూ పామీ కంటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎక్కడుంది? నెత్తిమీది మూడు చిన్న కళ్లలో ముందుదాని ఎదుట ఒక జత వెంట్రుకలు ఫ్రాంక్లినియెల్లాకు ఉంటాయి, థ్రిప్స్ ప్రజాతికి ఉండవు. మెడపట్టీ ముందు అంచున పొడవాటి వెంట్రుకలు మొదటిదానికి ఉంటాయి, రెండోదానికి ఉండవు. ఏ పురుగును ఆపాలి, అది ఏ మొక్కలమీద ఆశ్రయం పొందుతుంది, ఎప్పుడు ఎగురుతుంది అన్న పరిశోధనంతా ఆ కాసిని వెంట్రుకల మీద ఆధారపడింది. వెంట్రుకలు లెక్కపెట్టడం దండగ అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

పత్తి సంగతికి వద్దాం. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతులు తెల్లదోమ చేతిలో, మందులకు లొంగని శనగపచ్చ పురుగు చేతిలో చితికిపోయారు. ఆత్మహత్యలు జరిగాయి. అప్పటి రైతులు ఆ శనగపచ్చ పురుగును హీలియోథిస్ అని పిలిచేవారు, పెద్దవాళ్లు నేటికీ అంటారు. 1965లోనే హార్డ్‌విక్ రెక్కపురుగుల జననాంగాల నిర్మాణం పరిశీలించి దాన్ని హెలికోవెర్పా అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. పత్తిని, శనగను, కందిని, మిరపను తినే ఆర్మిజెరా ఆ ప్రజాతిదే. పొగాకు, మిరప కుటుంబపు మొక్కలనే ఎక్కువగా కోరే అసల్టా కూడా ఆ ప్రజాతిదే. ఆడపురుగు మగదాన్ని పిలిచే వాసనలో రెండు ముఖ్యమైన రసాయనాలున్నాయి. ఆర్మిజెరాలో ఏది ఎక్కువో అసల్టాలో అది తక్కువ, నిష్పత్తి దాదాపు తలకిందులు. ఒకదానికి చేసిన ఎర పెట్టిన లింగాకర్షక బుట్టలో రెండోది పడదు. బుట్ట ఖాళీగా ఉందని చేలో పురుగు లేదనుకుంటే పంట పోతుంది. పొగాకు, మిరప, పత్తి పక్కపక్కన పండే చోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

వర్గీకరణకారులు జననాంగాలనూ సూక్ష్మమైన రోమాలనూ పట్టుకోవడానికి కారణం ఉంది. రంగు, పరిమాణం వాతావరణాన్ని బట్టి, తిండిని బట్టి మారుతుంటాయి. జత కుదిరే అవయవాల ఆకారం అంత తేలిగ్గా మారదు. తొలకరికి గట్లమీద కనిపించే రోకలిబండల్లోనూ ఇదే పద్ధతి. చాలా వర్గాల్లో మగదాని ఏడో వలయం దగ్గర కాళ్లు రూపం మార్చుకుని జననాంగాలుగా ఏర్పడతాయి, ఆ ఆకారాన్ని బట్టే ప్రజాతులు తేలుస్తారు. 1936లో ఆటెమ్స్ భారతదేశపు రోకలిబండల మీద రాసిన పెద్ద గ్రంథం ఈ పనికి పునాది. బయటికి ఒకేలా కనిపించే నల్లని గుండ్రని జీవులు లోపల వేర్వేరు వంశాలని తెలిసింది ఈ ఓపిక వల్లే.

ఇక డీఎన్ఏ వాదం. ఒక విషయంలో అది నిజమే. తెల్లదోమను చూడండి. బెమిసియా టబాకీ అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి పైకి తేడా తెలియని అనేక జాతుల గుంపు, వాటిని విడదీయడానికి డీఎన్ఏ తప్పదు. స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్‌లోనూ ఇలా దాగిన జాతులున్నాయని 2015లో తేల్చారు. అయితే డీఎన్ఏ పరీక్ష తనంతట తాను పేరు చెప్పదు. మన పురుగు నుంచి తీసిన వరసను ముందే పేరు పెట్టి దాచిన వరసలతో పోల్చి, ఏది దగ్గరగా ఉందో చూపుతుంది. దాచినదానికి పేరు పెట్టింది ఎవరు? పురుగు శరీరాన్ని చూసిన మనిషి. ఆ పేరు తప్పయితే దానితో పోలిన ప్రతి నమూనాకూ అదే తప్పు అంటుకుంటుంది. యాప్ మాట చెప్పనక్కరలేదు. మిల్లీమీటరు పురుగు మీసానికి ఏడు కణుపులో ఎనిమిదో ఫోన్ కెమెరా పట్టుకోలేదు.

ఈ విద్య మనకు దిగుమతి సరుకు కూడా కాదు. గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే టి.వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణాది తామర పురుగులను వర్ణించారు. మద్రాసు లయోలా కళాశాలలో పనిచేసి, జూలాజికల్ సర్వే డైరెక్టరైన టి.ఎన్. అనంతకృష్ణన్ భారతీయ తామర పురుగుల మీద 1969లో సమగ్ర గ్రంథం ఇచ్చారు. అలాంటి వారసత్వం ఉన్న చోట, మందుల కొట్టు ముందు నిలబడ్డ రైతుకు పురుగు పేరు చెప్పే మనిషి లేకపోవడం అన్యాయం.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. లాం పరిశోధనా క్షేత్రంలో, 1945 నుంచి నడుస్తున్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటక వర్గీకరణకే కేటాయించిన ఉద్యోగాలు ఉండాలి, అవి ఖాళీ పడకూడదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో భూతద్దం, ఆల్కహాలు సీసాలు ఉండాలి. పూతలో కొత్త పురుగు కనిపించిన రోజే నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి, పేరు కొద్ది రోజుల్లో ఊరికి తిరిగి రావాలి. గుర్తించిన ప్రతి పురుగు స్లైడు భద్రంగా ఉండాలి, రేపటి డీఎన్ఏ పరీక్షకు కూడా అదే సాక్ష్యం. ఒక్క పంటకాలంలో ఒక్క మండలం వృథాగా కొట్టే మందుల ఖర్చుతో పోలిస్తే ఈ ఏర్పాటు ఖరీదు స్వల్పం. పేరు తేల్చే బాధ్యత ప్రభుత్వం తీసుకోకపోతే, ఆ పని మందులు అమ్మేవాళ్ల చేతిలోకి పోతుంది. అప్పుడు ప్రతి పురుగుకూ కొట్టులో ఉన్న సీసా పేరే పెడతారు.