క్యాలెండరు వెనుక ప్లగ్ పాయింటు

కిరాయికి ఇల్లు చూడబోయినవారు నల్లా తిప్పి చూస్తారు, గాలి వెలుతురు గమనిస్తారు, మస్జిద్ ఎంత దూరమో అడుగుతారు. గోడమీది స్విచ్ బోర్డును ఎవరూ పరీక్షించరు. కొన్నేళ్ల క్రితం హైదరాబాదు పాతనగరంలో మేము దిగిన ఒక పోర్షనులో, ఇల్లు చూపించిన రోజున వంటగది గోడకు పెద్ద ఉర్దూ క్యాలెండరు వేలాడుతూ ఉండింది. సామాను దించుకున్న మరునాడు దానిని తీస్తే వెనుక నల్లగా మాడిపోయిన ప్లగ్ పాయింటు బయటపడింది. యజమానికి చెప్పాం. ‘మీకంటే ముందున్నవాళ్లు నాలుగేళ్లు వాడుకున్నారు, వాళ్లకేమీ కాలేదు’ అన్నారాయన. మేము మారు మాట్లాడలేదు. క్యాలెండరును తిరిగి అక్కడే తగిలించాం.

ఎందుకు మాట్లాడలేదన్నదే ఈ సంపాదకీయం.

ఆ మరమ్మతు పెద్దదేమీ కాదు. కొత్త సాకెట్టు, కాలిన మేర కొంత వైరు, ఎలక్ట్రీషియన్ కూలి కలిపి కొన్ని వందల రూపాయల్లో తేలిపోయే పని. అయితే ఆ ఇంటికి చేరేముందు మేము వేరే ప్రాంతాల్లో ఎన్నో గుమ్మాలు తొక్కి వచ్చాం. ఫోనులో ‘ఖాళీగా ఉంది, వచ్చి చూడండి’ అన్నవారు పేరు వినగానే ‘నిన్ననే ఇచ్చేశాం’ అన్నారు. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. తాము కోరుకున్న ప్రాంతంలో ఇల్లు కొనడం గానీ అద్దెకు పొందడం గానీ ముస్లింలకు కష్టమవుతోందని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వద్ద మతం పేరిట అడ్డుకోరాదంటుంది గానీ, ప్రైవేటు వ్యక్తి ఇల్లు అద్దెకివ్వడాన్ని పేరెత్తి చెప్పదు. ఇలాంటి వివక్షపై ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ చేసిన సిఫారసు ఇన్నేళ్లయినా చట్టరూపం దాల్చలేదు.

దాని ఫలితం గోడల్లో కనిపిస్తోంది. మనకు ఇల్లు దొరికే బస్తీలు లెక్కకు కొన్నే. అక్కడ ఒక పోర్షను ఖాళీ అయితే నలుగురు కాచుకుని ఉంటారు. ఈ సంగతి యజమానికి తెలుసు, కిరాయిదారుకూ తెలుసు. బోర్డు మార్చమని గట్టిగా అడిగితే ‘ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి’ అన్న మాట వస్తుంది. కనుక మాడిన సాకెట్టుకు టేపు చుట్టుకుంటాం, వదులైన ప్లగ్గు జారిపోకుండా కాగితం మడిచి దోపుకుంటాం, తడిచేతులతో ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం.

2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనంలో చెలరేగిన మంటలకు 17 మంది బలయ్యారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా భావించారు. మరణించిన కుటుంబం ముస్లిం కుటుంబం కాదు. వారిని కాపాడేందుకు ముందుగా పరుగెత్తినవారిలో ఆ వీధి ముస్లిం యువకులున్నారు. పాత వైరింగుకూ ఇరుకు మెట్లకూ మతభేదం లేదు. అయితే అలాంటి ఇళ్లను వదిలి మరోచోటికి వెళ్లగల అవకాశం అందరికీ సమానంగా లేదు, మా వాదన అంతే.

ప్రమాదం ఎక్కడ దాగి ఉంటుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మూడు రంధ్రాల సాకెట్టులో పైనున్న పెద్ద రంధ్రం ఎర్తు కోసం. పాత ఇళ్లలో ఆ రంధ్రం ఉంటుంది గానీ దాని వెనుక తీగ ఉండదు, ఉన్నా అది భూమిని చేరదు. పైకి చూస్తే తేడా తెలియదు. ఇనుప కూలరులోనో ఫ్రిజ్జులోనో లోపలి తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే, కరెంటు పోవడానికి వేరే దారి లేక దానిని తాకిన మనిషి గుండా పోతుంది. ఫ్రిజ్జు ముట్టుకుంటే ‘చిమచిమలాడుతోంది’ అని ఇంట్లో ఆడవాళ్లు అంటే అది నవ్వి తీసిపారేసే మాట కాదు, మొదటి హెచ్చరిక.

రెండోది భారం. ఆరు యాంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద మోయగలిగింది సుమారు 1,380 వాట్లు. నీళ్లు కాచే రాడ్డు ఒక్కటే 1,500 వాట్లు ఉంటుంది. దానిని అడాప్టరుతో చిన్న సాకెట్టుకు తగిలిస్తే లోపలి పట్టు వేడెక్కి వదులవుతుంది. వదులైన పట్టు మరింత వేడెక్కుతుంది. చిటపట శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, పసుపు పచ్చగా మారిన అంచు, ఇవన్నీ ఆ క్రమంలో వచ్చేవే. ఫ్యూజు పదేపదే పోతోందని దాని స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టే అలవాటు అన్నింటికంటే ఘోరం. కాలిపోవడమే ఫ్యూజు పని. అది కాలకపోతే గోడలోని వైరు కాలుతుంది.

అద్దె మాట్లాడేది మగవారు. రోజంతా ఆ ప్లగ్గులు పెట్టి తీసేది ఆడవారు. ఇంటి బేరంలో వారి మాట వినబడదు గనుక గీజరు, మిక్సీ, ఐరన్ బాక్సు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అడ్వాన్సు ఇచ్చేనాటికి ఎవరికీ గుర్తుండదు.

చట్టం మనవైపు బొత్తిగా లేకపోలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన, కిరాయిదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. క్యాలెండరు తగిలించి దాచకూడదు. తాను చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా సహేతుకమైన గడువులో చేయకపోతే, కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో దీనికి విరుద్ధంగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు మీద చదవకుండా సంతకం పెట్టవద్దని కోరుతున్నాం. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం స్విచ్చులు, సాకెట్ల మరమ్మతును కిరాయిదారుకూ, ఇంటి లోపలి, బయటి వైరింగును యజమానికీ అప్పగించింది. రాష్ట్రాలు చేపడితేనే అది అమలవుతుంది. ఈ విభజనలో ఒక చిక్కు ఉంది: మాడిన సాకెట్టును కిరాయిదారు మార్చుకున్నా, గోడలోని వైరు పాతదే అయితే కొత్తదీ మాడుతుంది. కాబట్టి లోపం సాకెట్టుదా వైరుదా అన్నది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితం, ఫోటో జతచేసి యజమానికి పంపిన ఉత్తరమే రేపు సాక్ష్యం.

మీటరు దాటి లోపలికి వచ్చాక ఏమైనా తమ బాధ్యత కాదని విద్యుత్ సంస్థ అంటుంది. మూడు పోర్షన్లకు ఒకే మీటరున్న ఇంట్లో అధికారిని పిలవడానికే జనం జంకుతారు, ఎక్కువ లోడు పేరుతో జరిమానా పడుతుందేమోనని. కిరాయిదారుకు విడిగా కనెక్షన్ పొందే హక్కుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ యజమానితోపాటు నివాసి కోరినా సరఫరా ఇవ్వాలంటుంది. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు విద్యుత్తు నిరాకరించరాదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక చేదుగా ఉన్నా చెప్పక తప్పని మాట. మన బస్తీల్లో ఆ యజమాని అనేకచోట్ల మనవాడే. బయట ఇల్లు దొరకని సాటి ముస్లిం నిస్సహాయత మీద కిరాయి పెంచుకుంటూ, బోర్డు మార్చడానికి చేయి రాని పెద్దమనుషులు మొదటి సఫ్‌లోనే నిలబడుతున్నారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా అగ్నికి ఆహుతైతే, నిద్రించే ముందు నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (స) హెచ్చరించారని బుఖారీ హదీసు తెలుపుతోంది. గోడలో రగిలే నిప్పును కిరాయిదారు ఆర్పలేడు. దాని తాళం యజమాని చేతిలో ఉంది. వివక్ష గురించి ప్రభుత్వాన్ని నిలదీసే మనం ఈ విషయంలో మనవారినీ నిలదీయాలి.

మొదలు పెట్టవలసింది మస్జిద్ కమిటీలు. వాటి కింద కిరాయికిచ్చిన ముల్గీలు, గదులు ఉన్నాయి, వక్ఫ్ ఆస్తుల్లో కాపురాలున్నాయి. అక్కడి వైరింగును ముందు పరీక్షింపజేసి, ప్రతి మెయిన్ బోర్డు వద్ద 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ బిగించమని కోరుతున్నాం. కరెంటు దారి తప్పి భూమిలోకో మనిషిలోకో పోతున్నదని పసిగట్టి, క్షణంలో సరఫరా నిలిపివేసే పరికరమది. దాని ధర చాలాచోట్ల ఒక నెల కిరాయిలో కొంత భాగమే. దానిమీదుండే టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. బస్తీలోనే ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్ కుర్రవాళ్లు ఉంటారు, ఈ పని వారికే అప్పగించవచ్చు. అటకల మీది ఇనుప కూలర్లు వేసవికి కిందికి దిగకముందే ఇది జరగాలి.