జమీన్ కింద దాచే ముందు మన జబాన్‌లో చెప్పండి

గోల్నాకలో ఎవరినైనా 'కార్బన్ క్యాప్చర్' అంటే ఏంటని అడగండి. కార్బన్ పేపర్ గుర్తుకొస్తుంది, లేదంటే బండి పొల్యూషన్ సర్టిఫికెట్. ఇది వాళ్ల కసూర్ కాదు. మన జబాన్‌లో చెప్పినవాళ్లే లేరు.

అజీబ్ ఏంటంటే, ఈ ఇల్మ్ మనకు దూరంగా లేదు. యూనివర్సిటీ క్యాంపస్ దాటి తార్నాక చేరితే ఐఐసీటీ, ఇంకొంచెం ముందుకెళ్తే ఎన్జీఆర్ఐ. 2007 జనవరిలోనే ఎన్జీఆర్ఐలో దీనిమీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. దక్కన్ నల్లరాయి పొరల్లో ఈ గ్యాస్‌ని దాచొచ్చా అని అక్కడి సైంటిస్టులు పరిశోధించారు.

సీదాగా చెప్తాను. కరెంటు ప్లాంట్లు, సిమెంటు ఫ్యాక్టరీల పొగలోంచి బొగ్గుపులుసు వాయువుని వేరు చేస్తారు. గోలీసోడాలో బుస్సుమనేది ఈ గ్యాసే. దాన్ని పైపుల్లో తీసుకెళ్లి భూమిలోకి, వందల మీటర్ల లోతుకి దించుతారు. ఐస్‌లాండ్‌లో నీళ్లలో కలిపి నల్లరాయిలోకి పంపితే, 95 శాతం దాకా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. మన దక్కన్ రాయి కూడా ఆ జాతిదే.

మరి ఖత్రా లేదా? ఈ గ్యాస్ అంటుకోదు, పేలదు. కానీ గాలికంటే బరువు. ఒక్కసారిగా ఎక్కువగా బయటికొస్తే పల్లపు జాగాల్లో పేరుకుని ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలోని మిసిసిపీలో పైపు పగిలి, సటార్షియా అనే ఊళ్లో జనం ఆస్పత్రుల పాలయ్యారు. 'అది బాంబు' అనడం గలత్, 'ఏమీ కాదు' అనడమూ గలతే. ఇంకోమాట: గ్యాస్ పట్టడానికి ప్లాంటు తన కరెంటులోనే కొంత ఖర్చు పెట్టుకోవాలి. రామగుండం లాంటి చోట బూడిద బాధ దీంతో తీరదు.

నెదర్లాండ్స్‌లో బారెండ్రెక్ట్ అనే ఊరి కింద ఈ గ్యాస్ దాచాలనుకున్నారు. ఊరివాళ్లు అడ్డం తిరిగారు. 2010లో సర్కారు ఆ పని వదిలేసింది. అవామ్‌తో మష్వరా లేకుండా ఎంత గొప్ప ఇల్మ్ అయినా ముందుకు పోదు.

మనకైతే బహానా కూడా లేదు. ఉర్దూలో సైన్సు చెప్పడానికి 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి, లఫ్జులు తయారుచేయించిన షహర్ మనది. ఉస్మానియా అట్లా మొదలైంది. అప్పుడు కుదిరిన పని ఇప్పుడెందుకు కుదరదు?

వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరాయి ఉంది, మన రిష్తేదార్లూ ఉన్నారు. రేపు ఎక్కడైనా బోరు దించాలనుకుంటే ముందు తెలుగులో, ఉర్దూలో జవాబు చెప్పాలి: పైపు ఎవరి పొలంలోంచి పోతుంది? లీకైతే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? యాభై ఏళ్ల తర్వాత జిమ్మేదారీ ఎవరిది? ఈ మూడూ అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర వాళ్లనే అడగండి, అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పమనండి.