తిమ్మిరికి సూది కాదు, పరీక్ష కావాలి

ఇచ్ఛాపురం మొదలుకొని పలాస దాకా, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఎవరికైనా కాళ్లు జివ్వుమన్నా, కళ్లకు మసకలు కమ్మినా మొదట వినిపించే మాట ఒకటే. "ఏటీ కాదు, నరాల బలహీనత. రెండు బలం సూదులు ఏయించుకుంటే అదే పోతాది." ఆ మనిషి తృప్తిపడక "షుగరేమో" అని గాబరా పడితే చుట్టూ ఉన్నవాళ్లు కొట్టిపారేస్తారు. "మన ఊళ్ల జబ్బు కిడ్నీ. క్రియాటినిన్ బాగుంది కదా, ఇంకేటి భయం?" అని ధైర్యం చెబుతారు. చెప్పేవాళ్లకు ఆ మనిషి మీద ప్రేమే తప్ప పగ లేదు. అయినా అది కళ్లూ కాళ్లూ తీసే ధైర్యం. గాబరా పడ్డ మనిషే సరిగ్గా ఆలోచించాడనీ, నచ్చజెప్పినవాళ్లే పొరబడ్డారనీ నేనంటాను.

"మన ఊళ్ల జబ్బు కిడ్నీ" అన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. రెండు మూడు దశాబ్దాలుగా ఈ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతం కిడ్నీ జబ్బుతో నలిగిపోతోంది. కొబ్బరి, జీడి, పనస తోటల్లో ఎండనకా వాననకా ఒళ్లొంచిన మనుషులు, షుగర్ గానీ బీపీ గానీ ఎరగనివాళ్లు, నడివయసులోనే డయాలసిస్ మంచం ఎక్కారు. కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని వైద్యులు దీన్ని పిలుస్తున్నారు. మూత్రపిండ వైద్యులు డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడి పెద్దవాళ్లలో ఐదోవంతుకు దగ్గరగా మంది కిడ్నీ జబ్బు బారిన పడ్డారని చూపింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకమూ వచ్చింది. బడి మొహం చూడని అవ్వలు కూడా ఇక్కడ కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ అంకె అడుగుతారు. ఇంత దెబ్బతిన్న చోట ప్రతి నలతనూ కిడ్నీ ఖాతాలో రాసేయడం అర్థం చేసుకోదగ్గదే. అంతమాత్రాన అది సరైన లెక్క అయిపోదు.

అసలు "కారణం తెలియని" అన్న ముద్ర ఎప్పుడు పడుతుంది? ఆ మనిషికి షుగర్ లేదని, ఏళ్ల తరబడి బీపీ ముదిరి కిడ్నీలు చెడలేదని, రాళ్లూ అడ్డంకులూ లేవని తేలాకే. అంటే ఉద్దానం జబ్బును గుర్తించాలన్నా ముందు చేయాల్సింది షుగర్ పరీక్షే. దాన్ని దాటేసి "మనది కిడ్నీ జబ్బు" అనడానికి ఎవరికీ హక్కు లేదు. పైన చెప్పిన అధ్యయనంలోనే కిడ్నీ జబ్బున్నవాళ్లలో నాలుగోవంతు మందికి దగ్గరగా తెలిసిన కారణాలే కనిపించాయి. వాళ్లలో షుగర్ వల్ల కిడ్నీ పోయినవాళ్లు ఉద్దానం లెక్కలో కలిసిపోతే, ఆపగలిగిన నష్టాన్ని తలరాతగా ఒప్పుకున్నట్టే.

ఈ రెండు జబ్బులనూ విడదీసే దారి కూడా ఉంది. ఉద్దానంలో కనిపించే జబ్బులో మూత్రంలోకి పోయే ప్రొటీన్ సాధారణంగా తక్కువ. షుగర్ వల్ల కిడ్నీ చెడుతున్నప్పుడు మాత్రం అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో కారడం మొదలవుతుంది. చాలామందిలో ఇది క్రియాటినిన్ పెరగడానికి కొన్నేళ్ల ముందే కనిపిస్తుంది. అలాంటివాళ్లలో కంటి వెనకనున్న రెటీనా పొరలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు కూడా తరచుగా ఉంటాయి. అందువల్ల ఉద్దానంలో చూపు మసకబారిన మనిషి కంటిని లోపలి దాకా చూడటం కంటికే కాదు, కిడ్నీ సంగతి తేల్చడానికీ పనికొస్తుంది. క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపేస్తే కన్ను చెప్పే సాక్ష్యం ఎవరూ వినకుండానే పోతుంది.

షుగర్ పట్నం వాళ్లకు, కూర్చుని తినేవాళ్లకు వచ్చే జబ్బన్న నమ్మకం కూడా చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఇంకా 13 కోట్లకు పైగా మనుషులు దాని అంచున ఉన్నారు. ఇంతటి జబ్బు బాహుదా నది ఒడ్డున ఆగిపోతుందా? మూడుపూటలా అన్నం తినే ఇల్లు, మోటారు బండి వచ్చాక తగ్గిన నడక, పని కోసం విశాఖకో హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వలసపోయి అక్కడి తిండికి అలవాటుపడ్డ కుర్రాళ్లు, తల్లికో తండ్రికో ఉన్న షుగర్ వారసత్వం. ఇవన్నీ ఉద్దానంలోనూ ఉన్నాయి.

"షుగరుంటే తెలిసేది కదా, దాహం వేసేది, ఊరికే మూత్రానికి పోవాల్సొచ్చేది" అన్నది రెండో వాదన. పెద్దవాళ్లకు వచ్చే షుగర్ చాలామందిలో ఏళ్ల తరబడి ఏ సందడీ లేకుండా ఉంటుంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెల్లడించిన ప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. కొత్తగా షుగర్ బయటపడ్డ 5,000 మందికి పైగా మనుషులను అందులో పరిశీలించారు. జబ్బు తెలిసిన నాటికే దాదాపు సగం మందిలో కళ్లకో నరాలకో మరో అవయవానికో నష్టం జరిగిపోయి ఉంది. తిమ్మిరి, మసక షుగర్ కొత్తగా వచ్చిందన్న గుర్తులే కానక్కరలేదు. ఎప్పుడో వచ్చి, ఎవరూ పట్టించుకోని షుగర్ ఇప్పుడు బయటపడుతున్న గుర్తులు కావచ్చు. "ఇన్నాళ్లూ లేని షుగర్ ఇప్పుడెలా వస్తాది?" అన్న ప్రశ్నకు ఇదే జవాబు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలకు ఆహారం అందించే సన్నటి రక్తనాళాలూ, నరాలూ దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాల దాకా పోయేవి కాబట్టి ముందు వాటికే చేటు. అందుకే తిమ్మిరి రెండు కాళ్ల వేళ్ల చివర్లలో మొదలై, మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. రాత్రిపూట మంటలు ఎక్కువవుతాయి. కొన్నాళ్లకు మంట తగ్గుతుంది. చాలామంది అప్పుడు సూది పనిచేసిందని సంబరపడతారు. నిజానికి అప్పుడే స్పర్శ చచ్చిపోతూ ఉండవచ్చు. మిట్టమధ్యాహ్నం కాలిన ఇసుక మీద వట్టికాళ్లతో వలలు లాగే మత్స్యకారుడికి, జీడి తోటలో చెప్పుల్లేకుండా పిక్కలేరే ఆడమనిషికి స్పర్శ లేని పాదం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరి వేలు తీసేయాల్సి వచ్చినప్పుడు గానీ తెలియదు.

ఇక బలం సూదుల సంగతి. బీ12 లోపం ఉన్నవాడికి బీ12 ఇస్తే మేలు జరుగుతుంది. లోపం ఉందో లేదో చూడకుండా, షుగర్ చూడకుండా పొడిచే సూది నెలల తరబడి కాలాన్ని తినేస్తుంది. అంతటితో పోతే అదొక రకం. "నరాల నొప్పి" అన్నారంటే బలం సూదితో పాటు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూది, ఇంటికి వారం రోజుల నొప్పి మాత్రలు. ఆ రకం నొప్పి మందులు కిడ్నీలకు చేటు చేస్తాయని వైద్యం చదివినవాళ్లందరికీ తెలుసు. స్టెరాయిడ్ కలిసిన సూదైతే రక్తంలో చక్కెరను ఇంకా పైకి తోస్తుంది. దేశంలో నొప్పి మందులను అందరికన్నా భయభక్తులతో వాడాల్సిన చోట, తిమ్మిరికి పరీక్ష రాయకుండా నొప్పి సూది పొడవడం వైద్యం అనిపించుకోదు. ఈ సూదులు వేసే ఊరి ఆర్‌ఎంపీ అర్ధరాత్రి తలుపు తీసే మనిషి కావచ్చు. ఆ మంచితనం ఈ తప్పును ఒప్పు చేయదు.

చూపు మసకబారితే కళ్లద్దాల దుకాణానికి పరుగెత్తడం మరో అలవాటు. చక్కెర పెరిగినప్పుడు కంటిలోని కటకం ఉబ్బి పవర్ మారిపోతుంది, తగ్గినప్పుడు మళ్లీ మారుతుంది. అలాంటప్పుడు అద్దాలకు పవర్ చూడటం అలల మీద ఊగే పడవలో నిలబడి చేపలు తూకం వేసినట్టే. చక్కెర అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచాక గానీ నిలకడైన పవర్ తెలియదు. ఇంతకన్నా ఘోరమైనది రెటీనా దెబ్బతినడం. అది మొదట్లో చూపును ఏమాత్రం తగ్గించదు, నొప్పి పెట్టదు. చూపు తగ్గాక వెళ్తే లేజరు, కంటి ఇంజెక్షన్లు ఉన్న చూపును చాలావరకు కాపాడతాయి గానీ పోయిన చూపును పూర్తిగా తెచ్చివ్వడం కష్టం. "శుక్లమేలే, పండాక తీయించుకుందాం" అని ఏళ్లకేళ్లు కూర్చున్నవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

ఉద్దానంలో అన్నిటికన్నా బలంగా పాతుకున్న భయం ఇంకొకటుంది. "షుగర్ మాత్రలు మొదలెడితే కిడ్నీలు పోతాయి, అందుకే పరీక్షే వద్దు" అనడం. కిడ్నీలను తినేది అదుపులేని చక్కెర. అదుపు చేసే మాత్రను దోషిగా నిలబెట్టడం అన్యాయం. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడు చేయదు. కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లలో దాని మోతాదు తగ్గించాలి, ఒక హద్దు దాటితే ఆపేయాలి. అందుకే డాక్టరు క్రియాటినిన్ చూసి మందు రాస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర అయితే తగిన రోగుల్లో కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. షుగర్ లేని కిడ్నీ రోగులు కూడా అందులో ఉన్నారు. షుగర్ మందుగా మొదలైనది కిడ్నీకి కాపుగా మారిన కాలంలో, షుగర్ మందంటే కిడ్నీకి విషం అని భయపెట్టడం ఎంత నష్టం!

ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవాళ్ల ఇళ్లలో ఇంకో పొరపాటు జరుగుతోంది. షుగర్ ఉన్న మనిషికి కిడ్నీలు బాగా చెడినప్పుడు చక్కెర అంకెలు వాటంతటవే తగ్గవచ్చు. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీల వాటా ఉంది. ఆ పని మందగిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి చక్కెర పడిపోతుంది. దాన్ని "షుగర్ నయమైపోయింది" అనుకోకూడదు. పాత మోతాదు మందులే వాడితే చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా రక్తహీనతలో, ముదిరిన కిడ్నీ జబ్బులో తప్పుదారి పట్టించగలదు. కాబట్టి కిడ్నీ రోగికి ఆ ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకూడదు.

తిమ్మిరల్లా షుగరే అని నేను అనడం లేదు. కిడ్నీ పనితనం పడిపోయినా కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బీ12 లోపం, థైరాయిడ్, ఏళ్ల తాగుడు, మణికట్టు దగ్గర నరం నలగడం, నడుం దగ్గర డిస్కు జారడం కూడా కారణాలే. తిమ్మిరితో పాటు ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు అనుమానించాలి. దానికి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తుంది, నయమవుతుంది. ఉన్నట్టుండి ఒక పక్క చేయీ కాలూ మొద్దుబారినా, మాట తడబడినా, చూపు ఒక్కసారిగా పోయినా షుగర్ పరీక్ష కోసం ఆగకుండా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పోవాలి. ఇన్ని కారణాలు ఉన్నాయి కాబట్టే "నరాల బలహీనత" అన్న ఒక్క మాటతో అన్నిటినీ మూసేయడం తప్పంటున్నాను. వీటిలో అతి చవగ్గా, ఒక్క పూటలో తేలిపోయేది షుగర్. అందుకే దాన్ని ముందు తేల్చాలి.

తేల్చడానికి కావాల్సిన అంకెలు కష్టమైనవి కావు. రాత్రి భోజనం తర్వాత కనీసం 8 గంటలు ఏమీ తినకుండా పరగడుపున సిర నుంచి తీసిన రక్తంలో చక్కెర 126 గానీ ఆ పైన గానీ ఉంటే షుగర్. 100 నుంచి 125 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఆ పైన గానీ ఉన్నా షుగరే. లక్షణాలు స్పష్టంగా ఉండి ఏ వేళ చూసినా 200 దాటితే ఇంకో సాక్ష్యం అక్కరలేదు. లక్షణాలు లేనప్పుడు రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. వేలు పొడిచి చూసే యంత్రం అనుమానం రేపడానికి చాలు, తీర్పుకు చాలదు. అన్నం తిన్నాక ఒకసారి వేలు పొడిపించుకుని "నూట నలభయ్యే, బాగుంది" అని నిశ్చింతగా ఉండిపోవద్దు.

ప్రభుత్వం చేయాల్సినదీ ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ పరీక్షలు చేయాలన్నది దేశం పెట్టుకున్న కార్యక్రమమే. ఉద్దానంలో కిడ్నీ శిబిరం పెట్టిన ప్రతిచోటా క్రియాటినిన్‌తో పాటు చక్కెర, మూత్రంలో అల్బుమిన్, బీపీ ఒకే పూట చూడాలి. రెటీనా ఫొటో తీసే కెమెరా ఊళ్లలోకి రావాలి. ఆ ఫొటో తీయడానికి కంటి డాక్టరే ఉండనక్కరలేదు. శిక్షణ పొందిన మనిషి తీసి పంపితే డాక్టరు ఎక్కడున్నా చూసి చెప్పగలరు. కూలి పోగొట్టుకుని బరంపురానికో శ్రీకాకుళానికో విశాఖకో తిరిగే శక్తి లేని మనిషికి ఆ కెమెరా కళ్లెదుటికి రావాలి. పలాసలో అంత పెద్ద ఆసుపత్రి కట్టుకున్న ప్రాంతానికి ఇది అందని కోరిక కాదు.

కాళ్లు తిమ్మిరెక్కుతున్నవాళ్లూ, చూపు మసకబారుతున్నవాళ్లూ ఎవరెన్ని చెప్పినా మీ అనుమానాన్ని చంపుకోవద్దు. ఈ వారంలోనే ఒక ఉదయం పరగడుపున రక్తం, మూత్రం ఇచ్చి రండి. షుగర్ అని తేలితే కంటి పాప పెద్దది చేసి రెటీనా చూడమని అడిగి చూపించుకోండి. ఆశా కార్యకర్తను అడగండి, ఏఎన్‌ఎమ్‌ను అడగండి, అడగడానికి మొహమాటపడకండి. పరీక్షకు ముందు ఏ నొప్పి సూదీ వేయించుకోవద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలాల్సే ఉంది. షుగర్‌కు మాత్రం పరీక్ష తెలుసు, మందు తెలుసు, కాపాడుకునే దారి తెలుసు. తెలిసిన జబ్బు చేతిలో ఇక్కడ ఒక్క కన్ను పోయినా, ఒక్క కాలు పోయినా ఆ తప్పు తలరాతది కాదు, మనది.