పొట్లముమీది బొమ్మలు: ఉన్నవా, లేవా?

కుందేటికి కొమ్ము లేదనుట తర్కశాస్త్రము చదువనివారికిని తెలిసిన విషయమే. త్రాడును చూచి పామనుకొని ఉలికిపడుట చీకటిలో నడచు ప్రతివారికిని అనుభవమే. మొదటిది బొత్తిగా లేనిది. రెండవది ఉన్నదానిని మరియొకటిగా తలచుట. ఈ రెంటికిని చెందని సందేహమొకటి కలదు. చిన్ననాడు ఒక వస్తువును చూచినట్లు గుర్తుండును. పెద్దయిన పిదప దానిని గూర్చి చెప్పిన నమ్మువారుండరు. క్రమముగా చెప్పినవారికే తమ మాటపై నమ్మకము సడలును. తినుబండారముల పెట్టెలమీదను, పొట్లములమీదను అచ్చుపడి, కొంతకాలము బజారున వెలిగి, పిమ్మట మాయమైన వింత బొమ్మల సంగతి ఇట్టిదే. అవి నిజముగా ఉండెనా, లేక బాల్యము కల్పించుకొన్న కలలా అను ప్రశ్న వినుటకు చిన్నది. దాని వెనుక దాగిన ప్రశ్న మాత్రము చిన్నది కాదు.

ఇట్టి బొమ్మలకు అమెరికా దేశము పెద్ద పుట్టినిల్లు. పాలలో కలుపుకొని తిను ధాన్యపు ఫలహారమును పిల్లలకు అలవాటు చేయుటకై జనరల్ మిల్స్ సంస్థ 1971లో ఒక రక్తపిశాచమును, ఒక కృత్రిమ రాక్షసుని పెట్టెలకెక్కించెను. 1974లో ఫ్రూట్ బ్రూట్ అను పేరుతో తోడేలు రూపుదాల్చిన మనిషి వచ్చెను. 1980ల చివర ఈజిప్టు సమాధులలోని పీనుగు, ఒడలినిండ గుడ్డపేలికలు చుట్టుకొని, యమ్మీ మమ్మీ అను ముద్దుపేరుతో బజారున ప్రవేశించెను. ప్రొద్దున్నే పసిపిల్లల గిన్నె ముందు పీనుగును కూర్చుండబెట్టి ఆకలి పుట్టింపవచ్చునని తలచిన వ్యాపారుల ధైర్యమునకు ఆశ్చర్యపడవలసినదే. తోడేలు మనిషి, పీనుగు ఇరువురును కొలది ఏండ్లకే బజారునుండి తొలగిరి. ఇట్టివి ఉండెనని పెద్దవారు చెప్పగా పిల్లలు నవ్వినచో వింత యేమి? అయినను అవి ఉన్నమాట నిజము. క్వెంటిన్ టరాంటినో 1992లోను, 1994లోను తీసిన చలనచిత్రములందు ఆ తోడేలు మనిషి పెట్టె సాక్షివలె కనుపించుచునే యున్నది.

నవ్వి విడిచిపెట్టరాని బొమ్మలును కలవు. 1967లో మొక్కజొన్న చిప్స్ అమ్ముటకై ఫ్రిటో బాండిటో అను మెక్సికో బందిపోటు బొమ్మను సృష్టించిరి. పెద్ద టోపి, బుఱ్ఱమీసములు, నడుమున తుపాకి, పరుల చిప్స్ దొంగిలించు వృత్తి — ఇదియే ఆ బొమ్మ. తమ జాతినంతటిని దొంగలుగా చూపుచున్నారని మెక్సికన్ అమెరికనులు ఎదురుతిరిగిరి. 1971 ప్రాంతమున బందిపోటు తెరమరుగయ్యెను. అంతకుముందు, 1964లో, నీళ్లలో కలుపుకొను పానీయపు పొడి నొకదానిని పిల్స్‌బరీ సంస్థ ఫన్నీ ఫేస్ అను పేర అమ్మెను. అందు చెర్రీ రుచికి చీనీయుని వెక్కిరింత ముఖమును, నారింజ రుచికి అమెరికా ఆదివాసి వెక్కిరింత ముఖమును తగిలించిరి. ఆక్షేపణలు రాగా కొద్దికాలమునకే ముఖములు, పేర్లు రెండును మారెను. నేటివారికి ఇవి పుక్కిటి పురాణములవలె తోచును. అచ్చుపడిన పొట్లము లేనిచో, చూచినవారి మాటను ఎవరును నమ్మియుండరు. చేసినవారు సులువుగా మరచిపోదురు. అవమానము పడినవారి జ్ఞాపకమే చాదస్తముగా లెక్కకు వచ్చును.

అట్లని జ్ఞాపకమును పూర్తిగా నమ్ముటకును వీలు లేదు. మొనాపలీ అను ఆట పెట్టెమీద పొడుగు టోపి పెట్టిన ధనికుని బొమ్మ యొకటి కలదు. అతనికి ఒంటికంటి అద్దము ఉన్నదని వేలమంది దృఢముగా నమ్ముదురు. అతనికి ఆ అద్దము లేదు. అద్దము గలవాడు వేరొకడు. వేరుశనగకాయ రూపుగల మిస్టర్ పీనట్. ప్లాంటర్స్ సంస్థ 1916లో నడపిన పోటీకి ఆంటోనియో జెంటిలే అను బడిపిల్లవాడు ఆ కాయమనిషిని గీసి పంపెను. టోపి, అద్దము తరువాత ఒక వృత్తి చిత్రకారుడు చేర్చినవి. ఆ కాయ కంటి అద్దమే ఈ ధనికుని కంటికి ఎక్కియుండవచ్చునని కొందరి ఊహ. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించిన అధ్యయనమున, ఇట్టి ప్రసిద్ధ బొమ్మలు కొన్నింటి విషయమున వేర్వేరు మనుష్యులు ఒకే తప్పును ఒకే తీరున గుర్తుంచుకొందురని తేలినది. అన్నింటికిని సరిపోవు ఒకే కారణము వారికిని దొరకలేదు. పదిమంది ఒకేమాట చెప్పినంత మాత్రమున అది సత్యము కానేరదు. ఒక్కడే చెప్పినంత మాత్రమున అసత్యమును కాదు.

ఇంతవరకు బొమ్మ ఉండెనా లేదా అను విచారణ. బొమ్మ వెనుక మనిషి ఉండెనా అనునది ఇంతకంటె ముఖ్యమైనది. ఈ విషయమున రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

మినియాపొలిస్ నగరమున వాష్‌బర్న్ క్రాస్బీ అను పిండిమరల సంస్థ ఉండెడిది. 1921లో అది గోధుమపిండి ప్రచారమునకై బొమ్మల ముక్కలు కూర్చు పోటీ నొకదానిని ప్రకటించెను. జవాబులతోపాటు వంటను గూర్చిన ప్రశ్నలు వేలకొలదిగా వచ్చిపడెను. గృహిణుల సందేహములకు మగవాడు సంతకము పెట్టుట బాగుండదని తలచి, ప్రకటనల శాఖవారు బెట్టీ క్రాకర్ అను స్త్రీని కల్పించిరి. క్రాకర్ అనునది ఉద్యోగము విరమించిన ఒక డైరెక్టరు ఇంటిపేరు. బెట్టీ అనునది చెవికి ఇంపుగా నున్నదని ఎన్నుకొన్నది. ఆఫీసులోని ఉద్యోగిని యొకతె వ్రాసిన సంతకమే ఆమె సంతకమయ్యెను. రేడియోలో ఆమెకు గొంతు లభించెను. 1936లో నైసా మెక్‌మీన్ అను చిత్రకారిణి ఆమెకు ముఖము నిచ్చెను. 1945లో ఫార్చ్యూన్ పత్రిక, అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ తరువాత అమెరికాలో అందరును ఎరిగిన స్త్రీ ఈమెయే అని వ్రాసెను. పుట్టని మనిషి దేశమున రెండవ స్థానమున నిలిచెను! 1996లో డెబ్బదియైదుగురు స్త్రీల ముఖములను కంప్యూటరుతో మేళవించి ఆమెకు క్రొత్త ముఖము తయారుచేసిరి. లేనిదానికి వయస్సు లేదు, చావును లేదు.

రెండవది నాన్సీ గ్రీన్ చరిత్ర. ఈమె 1834లో కెంటకీ రాష్ట్రమున బానిసగా పుట్టెను. 1889లో మిస్సోరి రాష్ట్రమున ఇరువురు వ్యాపారులు పాన్‌కేక్ అను అట్లకు కావలసిన పిండిని కలిపి పొట్లములు కట్టి అమ్మసాగిరి. ముఖములకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు నాటకములలో పాడెడి పాటనుండి ఆంట్ జెమైమా అను పేరును ఆ పిండికి తెచ్చిపెట్టిరి. తరువాత ఆ వ్యాపారమును కొన్నవారు, ఆ పేరుకు ప్రాణము పోయుటకై నాన్సీ గ్రీన్‌ను కుదుర్చుకొనిరి. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనమున ఆమె జనసమూహముల యెదుట అట్లు పోసి, కథలు చెప్పి, పిండికి పేరు తెచ్చెను. లూసియానా తోటలలో యజమానికి విశ్వాసముగా వండిపెట్టిన వంటలక్క అను కట్టుకథను వ్యాపారులు ఆ పేరుకు జోడించిరి. ఆమె కోటీశ్వరురాలైనదని తరువాత పుట్టిన కథకు ఆధారము లేదు. వృద్ధాప్యమునను ఇంటిపనులు చేసియే ఆమె బ్రతికెను. 1923లో చికాగో వీధిలో మోటారు ప్రమాదమున మరణించెను. ఆమె ముఖమునుబట్టి పుట్టిన బొమ్మ దేశమంతట ఇంటింటి వంటగదిలో నిలిచెను. ఆమె సమాధిపై పేరు చెక్కిన రాయి నిలిచినది 2020లో. తొంబదియేడు సంవత్సరములు ఆమె పేరులేని మట్టిదిబ్బ క్రింద నుండెను.

సొమ్మొకనిది, సోకొకనిది అను సామెత ఇంతకంటె ఎచ్చట సరిపడును? లేని స్త్రీకి సంతకము, గొంతు, ముఖము, కీర్తి సమకూరెను. ఉన్న స్త్రీకి రాయియైనను దక్కలేదు. ఒకతె నిజముగా ఉన్నదని జనము నమ్మిరి. రెండవయామె నిజముగా ఉండెనని జనమునకు తెలియదు. మరపునకు చూపు లేదందురు కాని, అది ఎవరిని మ్రింగవలెనో ఎవరిని విడువవలెనో అధికారమును, ధనమును చూచియే నిర్ణయించుకొనునట్లున్నది.

2020లో జాతివివక్షపై పెద్ద ఆందోళన చెలరేగగా, ఆ బొమ్మను తొలగింతుమని సంస్థ ప్రకటించెను. 2021లో పిండికి పెర్ల్ మిల్లింగ్ కంపెనీ అను పేరు వచ్చెను. వెక్కిరింతనుండి పుట్టిన పేరు పోవుట న్యాయమే. అయితే, నాన్సీ గ్రీన్ తరువాత అదే వేషము ధరించిన మరియొక స్త్రీ వంశమువారు దీనికి అభ్యంతరము చెప్పిరి. బొమ్మతోపాటు తమ పెద్దల చరిత్రయు చెరిపివేయబడునని వారి బాధ. ఈ మాటను త్రోసిపుచ్చరాదు. అంగడి అరలనుండి బొమ్మను తీయుట వేరు. అది ఉండెనను నిజమును తీయుట వేరు. మొదటిది పశ్చాత్తాపము, రెండవది సౌకర్యము. బొమ్మ తీసినవారు ఆ చోట శ్రమించిన స్త్రీ పేరు వ్రాసినపుడే పశ్చాత్తాపము పూర్తియగును. లేనిచో మరి యేబది ఏండ్లకు, అట్టి బొమ్మ అసలు ఉండెనా అని అడుగువారుందురు, లేదనువారును పుట్టుదురు.

భారతదేశమునకును ఈ విచారము పరాయిది కాదు. తెలుగు పల్లెలలోని టీ దుకాణములందు సయితము పార్లే బిస్కట్ల పొట్లముపై చిన్నపాప బొమ్మను చూడనివారరుదు. ఆ పాప ఎవరు? ఇప్పుడు ఫలానా ఊర ముసలిదై యున్నదని ఒకరు, పేరుగాంచిన ఒక రచయిత్రి చిన్నప్పటి ఫోటో అని మరియొకరు చెప్పుచు వచ్చిరి. నిప్పు లేనిదే పొగ రాదని వారి వాదము. ఇచ్చట నిప్పు లేకయే పొగ వచ్చినది. అది ఎవరి ఫోటోయును కాదనియు, ఎవరెస్ట్ అను ప్రకటనల సంస్థలోని చిత్రకారుడు మగన్‌లాల్ దహియా 1960లలో గీసిన ఊహాచిత్రమనియు సంస్థవారే చెప్పిరి. లేని పాపకై దేశమంతయు వెదకెను. గీసిన చేతిని గూర్చి అడిగినవారు కొందరే. అమూల్ వెన్న పిల్ల విషయమున ఈ గందరగోళము లేదు. 1966లో సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ దానిని సృష్టించిరని లోకమునకు తెలియును. కర్తల పేర్లు తెలిసినచోట కట్టుకథకు చోటు లేదు.

చిత్తుకాగితములని పారవేయు పొట్లములను, డబ్బాల కాగితములను, అంగడి ప్రకటనలను గ్రంథాలయములు, వస్తుప్రదర్శనశాలలు సేకరించి, సంవత్సరము, చిత్రకారుని పేరు, చిత్రమునకు కూర్చున్నవారి పేరు వ్రాసి భద్రపరచుట అవసరము. రాజుల శాసనములు రాతిమీద నుండుటచే నిలిచినవి. సామాన్యుల బ్రతుకు ఇట్టి కాగితములమీదనే యున్నది. కాగితము రాయివలె మన్నదు. అది చినుగకముందే ఆ పేర్లను ఎక్కించుకొనవలెను. బొమ్మ ఉండెనా అని అడుగువారికి పెట్టె చూపి జవాబు చెప్పవచ్చును. ఆ బొమ్మకు ముఖ మిచ్చినదెవరు, గీసినదెవరు, దానివలన అవమానము పడినదెవరు అని అడుగువారికి పెట్టె యొక్కటే చాలదు. దానిప్రక్కన పేర్లు వ్రాసిన చీటియు ఉండవలెను.